బియ్యం డ్రమ్ములో బంగారం

ఆ రోజు పొద్దున్న సత్యారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య నూకరత్నం స్నానానికి వెళ్ళగానే వంటింట్లో దూరాలి, బియ్యం డ్రమ్ములో పారా బిళ్ళలు వేయాలి, ఆమె తల తుడుచుకుంటూ వచ్చేసరికి వరండాలో పేపరు చదువుతూ కనిపించాలి. మధ్యాహ్నం దుర్గ్‌లో బండెక్కితే మర్నాటికి చీపురుపల్లి. మేనల్లుడి పెళ్ళి, ఆ పైన చుట్టాలిళ్ళు. మూడు వారాల సెలవు పెట్టి, చాలా కాలం తర్వాత ఆయన మంచి హుషారుగా ఉన్నాడు.

పారా బిళ్ళలంటే పాదరసం కలిపి చేసిన సుద్దబిళ్ళలు. భిలాయిలో హిందీవాళ్ళు పురుగు పట్టకుండా గోధుమల డబ్బాల్లో వేసుకునేవారు. బిళ్ళల్ని గుడ్డలో మూటగట్టి పైన పెట్టేవారు, పిండి ఆడించే ముందు మూట తీసేసి గోధుమల్ని కడిగి ఎండబెట్టుకునేవారు. అది మంచిదో చెడ్డదో ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు, కిరాణా కొట్టువాడు అమ్మేవాడు, జనం కొనేవారు. అయితే సత్యారావు ఇంట్లో ఉన్నది గోధుమలు కాదు, చీపురుపల్లి బియ్యం. రోలింగ్ మిల్లులో పాతికేళ్ళ నుంచి పనిచేస్తున్నా, ఆయన నాలుక మాత్రం సొంతూరి బియ్యం ఉడికితేనే దాన్ని అన్నమని ఒప్పుకునేది. ఏటా బస్తాలు రైల్లో వచ్చేవి, క్వార్టర్లో ఇనప డ్రమ్ములోకి చేరేవి, వానలు పడగానే పురుగు పట్టేవి. నూకరత్నం వేపాకు వేసింది, ఎండుమిరపకాయలు వేసింది. పురుగులు దాన్ని తాలింపు అనుకున్నాయి కాబోలు, ఇంకాస్త పుష్టిగా తయారయ్యాయి.

"పారా బిళ్ళలు ఎయ్యొచ్చు కదేటే, పక్క బ్లాకు మిశ్రా గారింట్లో ఎన్నేళ్ళ నుంచో ఏస్తన్నారు," అని ఆయన ఒకసారి అన్నాడు.

"తినే బియ్యంలో మందేటండీ? మా అమ్మ ఎయ్యనేదు, నేనూ ఎయ్యను. పురుగుంటే ఏరుకుంటాను, నాకేటి పనిలేదనుకున్నారా?" అని ఆమె తేల్చేసింది. అప్పటి నుంచీ ఆ సంగతి ఇంట్లో ఎత్తకూడనిది అయిపోయింది.

అందుకే ఈ దొంగతనం. కొట్టువాడు బిళ్ళలిస్తూ, "సాబుత్ రఖ్‌నా భయ్యా, తోడ్‌నా మత్," అని మరీ చెప్పాడు, విరగ్గొట్టకుండా అలాగే ఉంచమని. కానీ ఒకరు చెప్పింది చెప్పినట్టు చేస్తే తన తెలివి వృథా అయిపోతుందని సత్యారావు బాధ. మూట మూటలానే ఉంటే మందు మూలమూలకీ ఎలా చేరుతుంది? అంచేత కొన్న బిళ్ళలన్నిటినీ పచ్చడిబండతో నలిపి, ఆ పొడి డ్రమ్ములో పోసి, భుజందాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి కలిపాడు. నలిపినప్పుడు తళతళలాడే చిన్న చిన్న పూసలు పుట్టి బియ్యంలోకి జారిపోయాయి. చూడటానికి భలే ఉన్నాయే అనుకున్నాడు. నూకరత్నం వచ్చేసరికి పేపరు తిరగేసి పట్టుకుని ఉన్నాడు, ఆమె గమనించలేదు.

ఆయన గమనించనిది కూడా ఒకటుంది. మధ్యాహ్నం ఆయన ఆటో కోసం వెళ్ళినప్పుడు నూకరత్నం తన నాలుగు గాజులూ, తల్లి ఇచ్చిన నాను గొలుసూ పాత వాయిల్ గుడ్డలో చుట్టి, అదే డ్రమ్ము అడుగున దాచింది. క్వార్టరు తాళం వేసి ఉంటే దొంగలు బీరువా చూస్తారు, పరుపు చింపుతారు, కానీ డ్రమ్మెడు బియ్యంలో చెయ్యి పెట్టరని వాళ్ళమ్మ కాలం నుంచీ నమ్మకం. మొగుడికి చెప్పలేదు. చెబితే రైల్లో ఎదుటి బెర్తువాడికి రాయపూర్ దాటకముందే తెలిసిపోతుంది. చెప్పింది ఒక్క జోగమ్మకే, తాళంచెవి ఇచ్చింది కూడా ఆమెకే.

జోగమ్మ ఎదురింటి మనిషి, బొబ్బిలి వైపు వాళ్ళు. ఆమె భర్త తాతబ్బాయీ సత్యారావూ ఒకే ఏడు మిల్లులో చేరారు. బీరకాయ పీచు చుట్టరికం కూడా లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ నిజంగానే బావలైపోయారు. నూకరత్నం కాన్పుకి ఆస్పత్రిలో రాత్రింబవళ్ళు కూర్చున్నది జోగమ్మే. సెక్టారులో ఏ తెలుగింట పేరంటం జరిగినా మొదటి మంగళహారతి జోగమ్మ పాడాలి, అది రాసుకోని నియమం. ఆమె గొంతు ఎత్తితే పక్క బ్లాకులో బెంగాలీ ఆడవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవారు.

పెళ్ళి చూసుకుని తిరిగి వచ్చేనాటికి వానలు మొదలయ్యాయి. ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు వండుకోలేరని జోగమ్మ కేరియర్లో అన్నం, వంకాయ కూర, చారు పంపించింది. ఆ వంకాయ కూర నోట్లో ఉండగానే సత్యారావుకి వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఓలమ్మో! నా బంగారం!"

పరుగెత్తి వెళ్ళేసరికి నూకరత్నం నేలమీద కూలబడి ఉంది. ఒళ్ళో గుడ్డ విప్పి ఉంది. గాజులు అక్కడక్కడ పసుపుగా, అక్కడక్కడ తెల్లగా, బొల్లి వచ్చినట్టున్నాయి. నాను మాత్రం మొత్తం సీసంలా పాలిపోయింది.

"బియ్యంలో బంగారమేటే?"

"దాచినాను."

"నాకు సెప్పకుండానా?"

"మీకు సెప్తే దాచినట్టవుతాదేటి?"

"మరెవరికి సెప్పినావు?"

నూకరత్నం ఒళ్ళోని గుడ్డ సర్దుకుంది. తర్వాత చిన్నగా, "జోగమ్మ వదినకి," అంది.

సత్యారావుకి ఆ క్షణంలో బిళ్ళలు గుర్తు రాలేదు అంటే అబద్ధమవుతుంది. వచ్చాయి. కానీ డ్రమ్ము మూత తీసి ఉంది, నూకరత్నం ఇంకాస్త వంగి చూస్తే తెల్లపొడి కనిపిస్తుంది, తన గుట్టు బయటపడుతుంది. ఆయన భయమంతా అదే. బిళ్ళలకీ బంగారానికీ సంబంధం ఉంటుందన్న ఊహ ఆయన బుర్రకి తట్టలేదు. అంచేత ఆమె దృష్టి డ్రమ్ము మీంచి మళ్ళించడానికి నోటికి తోచింది అనేశాడు.

"ఇంకేటి, మార్చీసినారు! అసలుది తీసీసి, వెండి మీద గిల్టు పూసినవి ఎట్టినారు. గిల్టు పోతన్నాది సూడు." ఒక గాజు అరచేతిలో వేసుకుని ఎగరేశాడు. "తేలిగ్గా ఉంది కూడాను."

వాళ్ళమ్మాయి శ్రీలక్ష్మి దుర్గ్‌లో కాలేజీకి వెళుతోంది. ఆ పిల్లకి తెలుగు కన్నా హిందీ తొందరగా వస్తుంది. "పాపా, ఐసే కైసే? ఆంటీ ఎందుకు తీస్తుంది? పరబ్రహ్మం అంకుల్‌కి చూపిద్దాం, కంసాలి కదా, ఎక్ మినిట్‌లో చెప్పేస్తారు," అంది తండ్రితో.

"వద్దు! కంసాలికి తెలిస్తే ఊరంతా తెలుస్తాది. ముందు గుట్టుగా ఆలోచించాలి," అన్నాడు సత్యారావు.

గుట్టుగా ఆలోచించడానికి ఆయన మర్నాడు మిల్లు సైకిల్ స్టాండులో గోపాలాన్ని ఎంచుకున్నాడు. గోపాలం తెలుగు సంఘం కార్యదర్శి. ఏ విషయమైనా ముందు సమావేశం పెడదామంటాడు, తర్వాత వాళ్ళావిడ గౌరీదేవికి చెబుతాడు. ఈసారి సమావేశం దాకా ఆగలేదు.

"నీకొక్కడికే సెప్తన్నాను. జోగమ్మ అని నేననడం నేదు. తాళం ఆవిడ దగ్గరుంది, సంగతి ఆవిడకే తెలుసు, అంతే అంటన్నాను," అన్నాడు సత్యారావు.

"నువ్వనకపోతే మరెవరంటారు బావా," అని గోపాలం సానుభూతిగా గంట కొట్టి సైకిలెక్కాడు.

ఆ పొద్దుటే ఇంకో ముచ్చట జరిగింది. ఖాళీ కేరియరు తీసుకువెళ్ళడానికి వచ్చిన జోగమ్మ చేతులకి గాజులు ధగధగలాడుతున్నాయి. శ్రావణం వస్తోందని పరబ్రహ్మం దగ్గర మెరుగు పెట్టించుకుంది పాపం. నూకరత్నం ఆ గాజుల్నే చూస్తూ నిలబడింది. "బాగున్నాయి కదా వదినా?" అని జోగమ్మ చేతులు ముందుకి చాచింది. నూకరత్నం కేరియరు ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. వదినకి ప్రయాణం బడలిక తీరలేదు కాబోలనుకుని జోగమ్మ ఆ సాయంత్రం అల్లం కాఫీ పంపించింది. ఆ గ్లాసు అలాగే వెనక్కి వచ్చింది.

శ్రావణమాసం మొదటి శుక్రవారం గౌరీదేవి ఇంట్లో పేరంటం. సెక్టారులో తెలుగు ఆడవాళ్ళందరికీ పిలుపులు వచ్చాయి, జోగమ్మకి రాలేదు. మరిచిపోయి ఉంటారని ఆవిడ పట్టుచీర కట్టుకుని, జడలో పువ్వులు పెట్టుకుని, గుమ్మంలో కూర్చుంది. దీపాలవేళ దాటాక అవతలి వీధి నుంచి మంగళహారతి వినిపించింది. ఇంకెవరో పాడుతున్నారు, శృతి తప్పుతున్నారు. ఆవిడ లేచి చీర మార్చుకుంది. కారణం కనుక్కోవడానికి మర్నాడు పది ఇళ్ళు తిరగనక్కర్లేకపోయింది, మొదటి ఇంట్లోనే చెప్పేశారు.

మూడు రోజులు పోయాక ఒక సాయంత్రం తాతబ్బాయి వచ్చాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. చేతిలో రుమాలు మూట ఉంది. దాన్ని సత్యారావు ముందు బల్లమీద పెట్టాడు.

"బావా, ఇవి మీ చెల్లి గాజులు. మా అమ్మ ఎట్టినవి. నూకరత్నం చెల్లెమ్మకి ఇచ్చీ."

"ఏటిది బావా?"

"మేం తియ్యనేదు. నీకూ తెలుసు. గానీ మీ సొమ్ము పోయింది, తాళం మా దగ్గరున్నాది. ఇవి ఉంచుకోండి, ఈ మాట ఇక్కడితో ఆపీండి. ఆవిడ మూడు రోజుల నుంచి అన్నం తినడం నేదు."

సత్యారావు మూట వెనక్కి తోసి బావని కావలించుకుందామనే లేచాడు. ఇంతలో జోగమ్మ దూసుకొచ్చింది.

"ఏటి చేస్తన్నావు నువ్వు? ఇవి ఇచ్చీస్తే నేను దొంగనని ఒప్పుకున్నట్టు కాదేటి?" మూట లాక్కుని అక్కడికక్కడే గాజులు చేతికి తోసుకుంది. "అన్నయ్యా, ఆదివారం పెద్దల్ని పిలిపించు. మీ ఆడది బంగారం ఎక్కడ దాచిందో అక్కడే సెయ్యెట్టి ప్రమాణం చేస్తాను. తర్వాత ఎవరు ఏటంటారో సూస్తాను."

నూకరత్నం వంటింటి గడపలో నిలబడి కళ్ళు తుడుచుకుంది కానీ వద్దనలేదు. సత్యారావూ వద్దనలేదు. ప్రమాణం అంటే ఆయనకి కాస్త నిశ్చింతే కలిగింది. జోగమ్మ ఒట్టు పెట్టేస్తుంది, అందరూ నమ్మేస్తారు, దొంగ ఎవరో తెలియకుండానే సంగతి సద్దుమణుగుతుంది. అంతా మళ్ళీ మామూలైపోతుంది అనుకున్నాడు.

ఆదివారం డ్రమ్ముని వరండాలోకి దొర్లించుకొచ్చారు. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, పక్కన పీటమీద అమ్మవారి పటం పెట్టారు. గోపాలం కుర్చీ వేయించుకుని మధ్యలో కూర్చున్నాడు. సెక్టారు వాళ్ళే కాక జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే చుట్టాలు, కుమ్హారి నుంచి గోపాలం తోడల్లుడి కుటుంబం కూడా వచ్చారు. ఇంత జనం సంఘం సర్వసభ్య సమావేశానికి ఏనాడూ రాలేదని గోపాలం పక్కవాడితో అన్నాడు.

జోగమ్మ తలంటుకుని వచ్చింది. కర్పూరం వెలిగించి, కళ్ళకద్దుకుని, కుడిచెయ్యి డ్రమ్ములోకి దించింది. మోచెయ్యి మునిగింది, భుజం దాకా వంగింది. అడుగు తగిలాక ఆగింది.

"అమ్మోరి మీదొట్టు, నా పిల్లల మీదొట్టు. పరాయి సొమ్ము నేను ముట్టుకోనేదు."

చెయ్యి పైకి తీసింది. పొద్దున్న ధగధగలాడిన గాజులు తెల్లగా ఉన్నాయి.

ముందుగా గౌరీదేవి గొంతు లేచింది. "ఓలమ్మో! సూసినారా! గాజులు తెల్లబడిపోనాయి! అమ్మోరు సూపించీసింది!"

వెనకవాళ్ళు ముందుకి తోసుకొచ్చారు, ముందువాళ్ళు డ్రమ్ముకి దణ్ణం పెట్టుకున్నారు. జోగమ్మ తన చేతినే చూసుకుంటోంది. ఏడవలేదు. అమ్మవారి పటం వైపు కూడా చూడలేదు. సత్యారావు వైపు తిరిగి, "నేను తియ్యనేదన్నయ్యా," అంది.

ఆమె అరచేతి గీతలో చిన్న పూస ఒకటి తళతళలాడుతూ దొర్లింది. సత్యారావు దాన్ని ఎక్కడ చూశాడో గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. పచ్చడిబండ, తెల్లపొడి, బియ్యంలోకి జారిపోయిన పూసలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలబడ్డాయి. బంగారం ఎవరూ మార్చలేదు. ఇక్కడ దొంగంటూ ఎవరూ లేరు, ఒక తెలివైనవాడు ఉన్నాడు.

చెప్పాలనే నోరు తెరిచాడు. ఎదురుగా గోపాలం ఉన్నాడు, ఇంత జనం ఉన్నారు, పక్కన నూకరత్నం ఉంది. ఇప్పుడు కాదు, జనం వెళ్ళాక నెమ్మదిగా చెబుదాం, బావని పక్కకి పిలిచి చెబుదాం అనుకున్నాడు. నోరు మూసుకున్నాడు. కర్పూరం వెలిగి ఆరిపోయేంత సేపు, అంతే. ఆ కాస్తలో గౌరీదేవి ఆడవాళ్ళని వెంటేసుకుని మెట్లు దిగింది. జాముల్ వాళ్ళకి టెంపో టైమైంది, వెళ్ళిపోయారు. కుమ్హారి వాళ్ళు వెళుతూ వెళుతూ డ్రమ్ము మీది కుంకుమ కాస్త పొట్లం కట్టుకున్నారు.

తాతబ్బాయి జోగమ్మ చెయ్యి పట్టుకుని, భుజం మీది తువ్వాలుతో గాజులు తుడవడం మొదలుపెట్టాడు. తెలుపు పోలేదు. ఆయన తుడుస్తూనే ఉన్నాడు, తువ్వాలు మడత మార్చి మళ్ళీ తుడుస్తున్నాడు. సత్యారావు అది చూడలేకపోయాడు.

"ఆపు బావా. నేనే," అన్నాడు. "నేనే ఏసినాను. పారా బిళ్ళలు. నలిపి కలిపీసినాను."

చెప్పడం మొదలెట్టాక ఆపలేదు. వినడానికి మిగిలిన నలుగురూ విన్నారు. పరబ్రహ్మాన్ని పిలిపించారు. ఆయన గాజుని గోటితో గీకి, "అసలు బంగారమే. పాదరసం పట్టింది," అని తేల్చాడు. "నిప్పుల మీద పెడితే పసుపు తిరిగొస్తాది. గానీ ఆ పొగ నేను పీల్చను బాబూ. మా నాన్న పీల్చి పీల్చి, ఆఖర్న కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవోడు. చేతులు అలా వణికిపోయేవి."

"అయితే మనం ఇప్పుడు తీర్మానం మార్చుకోవాలి," అన్నాడు గోపాలం. ఆయన వైపు ఎవరూ చూడలేదు.

నూకరత్నం ఒక్కమాటే అంది. "తినే బియ్యంలో." ఆ తర్వాత వెళ్ళి జోగమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఎన్నాళ్ళు తిన్నారని ఆయన అడిగితే, ఊరు నుంచి వచ్చినప్పటి నుంచీ అన్నారు, తెల్లపొడి కనిపిస్తే తవుడనుకుని కడిగి వండేశానంది నూకరత్నం. తిన్నదానికన్నా ఆ ఇంట్లో పీల్చినదే ఎక్కువ హానని, కిటికీలు తెరిచి పెట్టమని, ఆ బియ్యం ఇక ముట్టుకోవద్దని, పరీక్షలు చేయించమని రాసిచ్చాడు. పరీక్షల్లో పెద్దగా ఏమీ కనిపించలేదు, అదృష్టం. "ఇంకెవరైనా తిన్నారా?" అని డాక్టరు అడిగాడు. సత్యారావు లేదన్నాడు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, రోజూ పొద్దున్నే వరండా గోడ మీద పిచ్చికలకి గుప్పెడు బియ్యం చల్లడం ఆయన అలవాటు. మర్నాడు ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పిచ్చికలు వచ్చాయి, కానీ వచ్చినవి పాతవేనో, ఎన్ని తగ్గాయో, లెక్క తెలియదు కదా.

ఇక ఆ డ్రమ్ముని ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. సత్యారావు మిల్లులో తనకి తెలిసిన సేఫ్టీ ఆఫీసరు గారి ఇంటికి వెళ్ళి అడిగాడు.

"కాలువలో పారబొయ్యనా సార్?"

"వద్దు. నీళ్ళలో కలిస్తే చేపల్లోకి వెళుతుంది, చేపల్లోంచి మళ్ళీ మన కంచంలోకే వస్తుంది."

"పోనీ పూడ్చీనా?"

"నేలలోంచి నీళ్ళలోకి రాదా?"

"తగలబెట్టీమంటారా?"

"చస్తావు, పక్కవాళ్ళని కూడా చంపుతావు."

"ఆవులకి..." అని సత్యారావు అనబోయి, ఆయన ముఖం చూసి మానేశాడు. మూత గట్టిగా బిగించి, నీడలో, గాలి ఆడే చోట పెట్టి, విషమని రాయమన్నాడు ఆఫీసరు. ఇళ్ళలో వాడిన ఇలాంటి వాటిని తీసుకునే చోటు ఏదైనా ఉందేమో కనుక్కుంటానన్నాడు. కొనడానికి ప్రతి సందులోనూ కొట్టుంది, పారేయడానికి దేశంలో చోటు కనపడలేదు.

సత్యారావు డ్రమ్ముని వెనక వరండాలోకి చేర్చి, తెలుగులో ఒకవైపు, హిందీలో ఒకవైపు "విషం, ముట్టుకోవద్దు" అని రాశాడు. ఆ తర్వాత సెక్టారులో ప్రతి తెలుగింటికీ వెళ్ళి తలవంచుకుని నిలబడ్డాడు. జోగమ్మ తప్పేమీ లేదని, తప్పంతా తనదని చెప్పాడు. అందరూ మర్యాదగా విన్నారు, టీ ఇచ్చారు. ఒకావిడ మాత్రం, "పురుగు పట్టలేదన్నమాట. ఆ బిళ్ళలు ఏ కొట్లో కొన్నారన్నయ్యా?" అని అడిగింది. ఆయన ఆ టీ తాగలేకపోయాడు.

సెక్టారు నమ్మింది సరే. కానీ కథ అప్పటికే టెంపో ఎక్కి జాముల్ చేరిపోయింది, కుమ్హారి దాటి రాయపూర్ దారి పట్టింది. ఆ కథలో పాదరసం లేదు, సత్యారావు లేడు. భిలాయిలో ఒక డ్రమ్ముంది, దొంగ చెయ్యి పెడితే గాజులు తెల్లబడతాయి. ఒకావిడకి అలా తెల్లబడ్డాయి, పేరు కూడా తెలుసు, అంతే ఆ కథ. తాతబ్బాయి రైల్వే స్టేషన్లో నిలబడితే ఎవరో వేలెత్తి చూపించారట. దుర్గ్ బజారులో జోగమ్మని చూసి ఒక కొట్టువాడు గల్లాపెట్టె మూత వేశాడట.

కార్తీకం వచ్చేసరికి వాళ్ళు వేరే సెక్టారుకి క్వార్టరు మార్పించుకున్నారు. సామాను లారీకెక్కించే రోజు సత్యారావు పొద్దున్నుంచీ మోశాడు, మంచాలు మోశాడు, కుంపటి మోశాడు. తాతబ్బాయి వద్దనలేదు, రమ్మనీ అనలేదు. అంతా అయ్యాక జోగమ్మ నూకరత్నాన్ని దగ్గరికి తీసుకుంది. జోగమ్మ చేతులకి ఇప్పుడు మట్టిగాజులే ఉన్నాయి. సత్యారావు లారీ పక్కన నిలబడి, "చెల్లెమ్మా, నిజం సెప్పీసినాను గదా. అందరి గుమ్మాలూ తొక్కి సెప్పినాను," అన్నాడు. అడుక్కున్నట్టుగానే అన్నాడు.

"సెప్పినావు అన్నయ్యా, కాదనను," అంది జోగమ్మ. "గానీ అందరూ ఎల్లిపోయాక సెప్పినావు."

ఆ ముక్కలో కోపం లేదు. ఉంటే ఆయన ఎలాగో తట్టుకునేవాడు. ఆ రోజు కర్పూరం వెలుగుతున్నంతసేపు తను నోరు మూసుకున్నాడే, ఆ కాసేపటిని తిరిగి తెచ్చుకోవడానికి మిగిలిన సర్వీసంతా రాసిచ్చేసేవాడు. తీసుకునేవాళ్ళే లేరు. ఆ మాట ఆయన తర్వాత చాలాసార్లు శ్రీలక్ష్మితో అన్నాడు, ఆ పిల్ల, "ఛోడో న పాపా, వదిలెయ్," అనేది.

అప్పటి నుంచీ ఆదివారాలు జనం రావడం మొదలైంది. అత్తమీద అనుమానం ఉన్న కోడళ్ళు, భాగస్తుల మీద అనుమానం ఉన్న వ్యాపారస్తులు, నూనె డబ్బా పోయిన ఛత్తీస్‌గఢీ ముసలమ్మ ఒకావిడ. విషమని రాసిన అక్షరాల మీదే కుంకుమ బొట్లు పెట్టేవారు. ఒకరు ఏకంగా కొబ్బరికాయ కొట్టారు, డ్రమ్ముకి సొట్ట పడింది. సత్యారావు ఎవర్నీ మూత ముట్టుకోనివ్వలేదు. సెలవురోజు సినిమాలు, పేకాట అన్నీ మానుకుని, డ్రమ్ము పక్కన కుర్చీ వేసుకుని కాపలా కాసేవాడు. వచ్చిన ప్రతి ఒక్కరికీ పచ్చడిబండ దగ్గర మొదలుపెట్టి జోగమ్మ మాట దాకా, ఏదీ దాచకుండా, తనని తాను తిట్టుకునే చోట గట్టిగా తిట్టుకుంటూ చెప్పేవాడు. ఆమె పేరుకి అంటిన మచ్చని అలా ఒక్కొక్కరి దగ్గరా తుడుద్దామని ఆయన ఆశ.

ఒక ఆదివారం కుమ్హారి నుంచి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, అగరొత్తులు తెచ్చుకున్నాడు. సత్యారావు ఆయన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. చేతులు కట్టుకుని విన్నాడు, జోగమ్మ లారీ ఎక్కే దగ్గర కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళకి ఒక్కడైనా అర్థం చేసుకున్నాడని సత్యారావు మనసు తేలికైంది.

"అయితే పాపం ఆ మహాతల్లి తప్పేటీ నేదంటారు," అన్నాడు పెద్దమనిషి.

"ఇసుమంత కూడా నేదు బాబూ. డ్రమ్ములో ఉన్నది విషం, మహిమ కాదు."

"తెలిసింది బాబూ, బాగా తెలిసింది." ఆయన లేచి డ్రమ్ముకి వంగి దణ్ణం పెట్టాడు. "మరి మా తమ్ముడి పెళ్ళాన్ని ఏ రోజు తీసుకురమ్మంటారు?"

సత్యారావు ఆయనకి మంచినీళ్ళిచ్చి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, మళ్ళీ పచ్చడిబండ దగ్గర నుంచి మొదలుపెట్టాడు.